చైర్మన్ గారి రూపాయి జీతం

శేషారత్నం సినిమా మోజుతో హైదరాబాదు రాలేదు. ఆమె పనిచేసే కలర్ ల్యాబ్ మద్రాసు కోడంబాకంలో మూతపడి ఫిల్మ్‌నగర్ గుట్టల మీద తెరుచుకుంది. యంత్రాలు లారీల్లో వచ్చాయి, ఆమె రైల్లో వచ్చింది. ఎనభైల నడుమ సంగతి. అప్పటికి అక్కడ బండరాళ్ళే ఎక్కువ. వాటి మధ్య ఎక్కడో ఒక స్టూడియో గోడ, ఇంకెక్కడో ఒక నిర్మాత వేసిన పునాది. మధురానగర్‌లో ఒక చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని రోజూ బస్సు దిగి గుట్ట ఎక్కేది.

ల్యాబ్‌లో ఆమె పని ప్రింట్లు పరీక్షించడం. కడిగి ఆరబెట్టిన ప్రింటు థియేటరుకు వెళ్ళే ముందు, చీకటి గదిలో గుడ్డ తొడుగులు వేసుకుని రీలు తర్వాత రీలు చూడాలి. గీత పడిందా, రంగు వెలిసిందా, దుమ్ము అంటిందా అని. ఆ గదిలో అందరూ ఆడవాళ్ళే. పనికిరాని రీలును శేషారత్నం పక్కకు నెట్టే తీరు చూసి మిగతావాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఎంగిలి విస్తరిని కాలితో జరిపినట్టుండేది.

మనుషుల్ని కూడా ఆమె అంత సులువుగానే పక్కన పెట్టేది. భర్త ఆమెను వదిలేశాడని బంధువులు చెప్పుకున్నారు. ఆమె మాత్రం తానే వదిలేశానని చెప్పేది. "సిగరెట్లకు నా దగ్గర చెయ్యి చాపేవాడు. పదిమందిలో కూర్చుంటే నన్ను పోషిస్తున్నానని చెప్పేవాడు. చెయ్యి చాపితే భరించాను. ఆ రెండోదే భరించలేకపోయాను" అనేది.

ల్యాబ్ యజమాని అచ్యుతరామయ్య గుంటూరు వైపు పొగాకు అమ్మి డబ్బు చేసుకుని, రెండు సినిమాలు తీసి అందులో కొంత పోగొట్టుకుని, సినిమా తీసేవాళ్ళకంటే కడిగేవాళ్ళే సుఖపడతారని గ్రహించి ల్యాబ్ పెట్టాడు. పదేళ్ళలో ఒక్కసారి కూడా ప్రింట్ల గదిలోకి అడుగు పెట్టలేదు. ఫిల్మ్ కడిగే మందుల వాసన పడదట. ఆ వాసన మధ్యే బతికేవాళ్ళను మాత్రం "నా కుటుంబం" అనేవాడు. ప్రతి ఉగాదికీ ల్యాబ్ ఆవరణలో షామియానా వేయించి, తెల్ల పంచె కట్టుకుని, పచ్చడి పంచి, కుటుంబం గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆయన ఇల్లు జూబ్లీహిల్స్‌లో. ఆ ఇంటి మెట్లెక్కిన కుటుంబ సభ్యులు ల్యాబ్‌లో ఎవరూ లేరు.

ఒక ఉగాదినాడు మందులు కలిపే ఓదెలు లేచి జీతాల సంగతి ఎత్తాడు. ఓదెలుది షేక్‌పేట. పొలం పోయాక ల్యాబ్‌లో చేరాడు. మందుల్లో నాని అతని వేళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి.

"సార్, కిరాయిలు పెరిగినయ్, బియ్యం పెరిగినయ్. జర మా జీతాలు కూడ సూడున్రి."

అచ్యుతరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనూ మీలాంటి జీతగాణ్ణేనయ్యా. కంపెనీ నాకిచ్చేది కాఫీ ఖర్చులకు కూడా చాలదు. ఒక రొట్టెముక్క ఉంటే అందరం పంచుకుందాం, లేకపోతే అందరం పస్తుందాం" అన్నాడు. గొంతు వణికింది. సినిమాలు తీసిన రోజుల్లో ఆయన నేర్చుకున్నది అదొక్కటే కాబోలు. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. శేషారత్నం చేతిలోని పచ్చడి ఆకును మడిచి కుర్చీ కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది.

తొంభైల మొదట్లో ఊరంతా షేర్ల గాలి వీచింది. అచ్యుతరామయ్య కూడా ల్యాబ్‌ను జనం డబ్బుతో పెద్దది చేద్దామని షేర్లు అమ్మకానికి పెట్టాడు. కార్మికులకు కొన్ని కేటాయించాడు. జనరల్ మేనేజరు వెంకటరామయ్య ఫారాలు పట్టుకుని గది గదికీ తిరిగి, ఇకనుంచి మీరే యజమానులని చెప్పి, ఆ యజమానుల జీతాల్లోంచి నెల నెలా షేర్ల సొమ్ము కోయించాడు.

"ఇగ మనం గూడ మాలికులమే అక్కా" అన్నాడు ఓదెలు.

"చూద్దాం. యజమానులం అడిగితే లెక్కలు చెబుతారో లేదో" అంది శేషారత్నం.

మరుసటి ఏడాది వాటాదార్లందరికీ వెళ్ళినట్టే ఆమెకూ కంపెనీ వార్షిక నివేదిక వచ్చింది. నున్నటి దళసరి కాగితం, అట్ట మీద నవ్వుతున్న అచ్యుతరామయ్య, లోపల నాలుగు పేజీల రంగుల బొమ్మలు. ఒక మూల సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. చట్టం ప్రకారం పెద్ద జీతాలు తీసుకునేవారి వివరాలు ప్రకటించాల్సి ఉన్నా, ఖర్చు తగ్గించుకోవడం కోసం ఆ పేజీని జతచేయలేదనీ, కావలసిన వాటాదారులు కంపెనీ కార్యదర్శికి రాసి తెప్పించుకోవచ్చనీ దాని సారాంశం. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని ఇంటి యజమాని చేత రెండుసార్లు చదివించుకుంది. చైర్మన్ నవ్వుకు నాలుగు రంగులు ఖర్చు పెట్టినవాళ్ళు ఒక్క తెల్ల కాగితం దగ్గర పొదుపు చేశారు.

కంపెనీ కార్యదర్శి పట్టాభిరామయ్య సౌమ్యుడు. ఎవరినీ నొప్పించకుండా బతకడమే తన ఉద్యోగమని నమ్మినవాడు. ఆమె ఉత్తరం అందుకుని కబురు పెట్టాడు.

"ఎందుకండీ శేషారత్నం గారూ ఈ గొడవ? అది చదివి మీరేం చేస్తారు?"

"కాఫీ ఖర్చెంతో చూస్తానండి."

"మీరు ఉద్యోగి కదా. బాగుండదేమో, ఆలోచించండి."

"ఉత్తరం రాసింది ఉద్యోగి కాదండీ, వాటాదారు. ఆవిడకి ఇవ్వాలని చట్టంలో ఉందా లేదా?"

ఉందని ఆయనకు తెలుసు. వారం తిప్పించుకుని ఇచ్చాడు.

అందులో మూడు పేర్లున్నాయి. మొదటిది అచ్యుతరామయ్య. ప్రింట్ల గదిలో పనిచేసే ఆడవాళ్ళందరి జీతాలూ కలిపినా ఆయన జీతంలో మూడో వంతు కాలేదు. రెండో పేరు ఆయన అల్లుడిది. మూడోది జనరల్ మేనేజరు వెంకటరామయ్యది.

మధ్యాహ్నం అన్నాల వేళ శేషారత్నం ఆ సంగతి చెప్పింది. అందరినీ తొలిచింది చైర్మన్ జీతం కాదు, అల్లుడిది.

"గాయన ఏం పని చేస్తడక్కా?" అని అడిగాడు ఓదెలు.

"ఎండాకాలం వస్తాడుగా. ఏసీ గదిలో పడుకోడానికి."

"అయితె పని చేస్తుండనే అర్థం" అన్నాడతను. నవ్వారు గానీ చాలామంది క్యారియర్లు సగంలోనే మూశారు. తమకు తక్కువ వస్తున్నదని వాళ్ళకు ఎప్పుడూ తెలుసు. ఎంత తక్కువో తెలియడం వేరు.

ఆ సెప్టెంబరులో వాటాదార్ల సమావేశం ఒక అద్దె హాలులో జరిగింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మోతీనగర్ నుంచీ, ఇంకా అలాంటి కాలనీల నుంచీ వచ్చిన రిటైరైన పెద్దమనుషులు. వాళ్ళకు కంపెనీ మీద ఉన్న ఆసక్తి తలుపు దగ్గర పంచే స్వీటు, కారా పొట్లాల మీదే నిలిచి ఉంది. కొందరు రెండో పొట్లం కోసం మళ్ళీ వరసలో నిలబడి, తమ షేరు ధర పెంచమని చైర్మన్‌కు దండం పెట్టారు. ఆయన కూడా వాళ్ళకు దండం పెట్టాడు.

ప్రశ్నల వేళ శేషారత్నం లేచింది.

"చైర్మన్ గారూ, మీ ముగ్గురి జీతాలు చూశానండి. బాగున్నాయి. ఒక్క లైను తక్కువైంది. అదే పేజీలో ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళ జీతం కూడా వెయ్యండి. మీది మాకు ఎన్ని రెట్లో పక్కన రాయండి. కుటుంబం అంటున్నారు కదా, ఎవరి కంచంలో ఎంత ఉందో అందరికీ కనపడితే మంచిది."

 అచ్యుతరామయ్య పట్టాభిరామయ్య వైపు చూశాడు, పట్టాభిరామయ్య కాగితాల వైపు చూశాడు.

"అలా వెయ్యాలని చట్టంలో లేదమ్మా" అన్నాడు చైర్మన్ మెత్తగా.

"వెయ్యకూడదని కూడా లేదు కదండీ."

"కూర్చోమ్మా" అన్నాడు వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి, నోట్లో స్వీటుతో. "డివిడెండు సంగతి మాట్లాడనివ్వు. కూలీల లెక్కలు మాకెందుకు?" మరి కొన్ని గొంతులు కలిశాయి. ఆ పెద్దమనిషి ముప్పై ఏళ్ళు ఏదో ఆఫీసులో పై అధికారి జీతం చూసి కుళ్ళి ఉంటాడు. రిటైరై కొన్ని షేర్లు కొనగానే అధికారి పక్షం చేరిపోయాడు. శేషారత్నం అతని వైపు తిరిగి కాసేపు చూసి కూర్చుంది. పొట్లం తీసుకోకుండా ఇంటికి వెళ్ళింది.

ఆమె అడిగినదానికి కార్మికులకు ఫలితం దక్కలేదు గానీ పైన గొప్ప కలకలం పుట్టింది. అల్లుడి జీతం తన జీతంకంటే ఎక్కువని వెంకటరామయ్యకు అంతవరకూ తెలియదు. ఫారాలు మోసి, కార్మికుల నోళ్ళు మూయించి, చైర్మన్ బూట్లు తుడవడం తప్ప అన్నీ చేసినవాడు. ఆయన అలిగి వారం రోజులు రాలేదు. అల్లుడి స్థాయికి జీతం పెంచితే వచ్చాడు. అది తెలిసి అల్లుడు అలిగాడు. ఆయనకీ పెంచారు. సిగ్గుపడతారనుకుని బయటపెట్టించిన అంకెలు వాళ్ళకు బేరం దినుసులయ్యాయి. ఆ ఏడాది ల్యాబ్‌లో జీతాలు పెరిగింది వాళ్ళిద్దరికే.

శేషారత్నాన్ని ప్రింట్ల గది నుంచి తీసేసి ఖాళీ డబ్బాల గోదాములో వేశారు. రీళ్ళు పెట్టే రేకు డబ్బాలు తుడిచి పేర్చడం పని.

"నీకేం బాధగ లేదా అక్కా?" అన్నాడు ఓదెలు.

"కళ్ళకు విశ్రాంతి" అంది. కానీ చేతులకు ఆ తొడుగులు లేని వెలితి ఆమెను చాలా రోజులు వేధించింది. మంచి ప్రింటును పట్టుకున్నప్పటి నున్నదనం వేళ్ళకు గుర్తుంటుందనీ, అది దూరం చేసినందుకు వాళ్ళను ఎప్పటికీ క్షమించననీ లీలాకుమారితో ఒక్కసారి చెప్పింది. లీలాకుమారి ప్రింట్ల గదిలో ఆమె పక్క బల్ల మీద పనిచేసే మనిషి.

మరుసటి వేసవిలో పేపర్లో అచ్యుతరామయ్య ఫోటో పడింది. పరిశ్రమ కష్టాల్లో ఉన్నందువల్ల ఇకపై తాను నెలకు ఒక్క రూపాయి మాత్రమే జీతం తీసుకుంటానని ప్రకటించాడు. జూబ్లీహిల్స్‌లో ఆయనకు సన్మానం జరిగింది. త్యాగమూర్తి అన్నారు. శాలువాలు కప్పారు. కప్పినవాళ్ళంతా ఆయన ల్యాబ్‌కు బాకీ ఉన్న నిర్మాతలే.

అసలు సంగతి మరుసటి నెల ఒకటో తారీఖున బయటపడింది. జీతాల వరసలో జంగయ్య కనిపించాడు. జంగయ్య షేక్‌పేటవాడే, ఓదెలు ఇంటి వెనక సందులో ఉంటాడు. చైర్మన్ ఇంట్లో తోటమాలి.

"నువ్వు గీడికెందుకొచ్చినవ్?" అన్నాడు ఓదెలు.

"ఇగ నా జీతం గీడనే ఇస్తరంట. కాగితం మీద నేను ల్యాబు టెక్నీషన్ అంట అన్నా. గదేందో నాకు సమజ్ కాలే. వంటామె గూడ వచ్చింది సూడు."

వంటామె వచ్చింది. ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. కుక్కలకు స్నానం చేయించే మనిషి వచ్చాడు. చైర్మన్ ఇంటి గేటుకు కంపెనీ గెస్ట్‌హౌస్ అని ఇత్తడి పలక కొట్టారనీ, ఆ ఇంటి అద్దెను కంపెనీ చైర్మన్ భార్య పేర ఇస్తున్నదనీ జంగయ్య దాచకుండా చెప్పాడు. దాచాలని అతనికెవరూ చెప్పలేదు. ఓదెలు, శేషారత్నం ఆదివారం నడుచుకుంటూ వెళ్ళి ఆ పలకను చూసి వచ్చారు. ఎండలో బాగా మెరుస్తోంది. జీతం బయటపెట్టమని చట్టం అడిగింది కాబట్టి ఆయన జీతాన్ని రూపాయి చేశాడు. మిగతాదానికి జీతమని పేరు లేకుండా చూసుకున్నాడు.

ఆ ఏటి సమావేశానికి శేషారత్నం మంచి నేత చీర కట్టుకుని, చేతిలో స్టీలు క్యారియర్‌తో వచ్చింది. చైర్మన్ తన త్యాగం గురించి మాట్లాడి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నాక, ఆమె మాట్లాడతానని చెయ్యెత్తలేదు. తిన్నగా వేదిక దగ్గరికి నడిచి ఆయన ముందు క్యారియర్ పెట్టి, ఒక్కో గిన్నే విడదీసింది. అన్నం, దోసకాయ పప్పు, గోంగూర, పెరుగు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు అచ్యుతరామయ్య.

"భోజనమండి. నెలకి రూపాయి అన్నారు. రూపాయితో నెలంతా ఎట్లా తింటారో అని నాకు నిద్ర పట్టలేదు. లెక్క ప్రకారం మీకంటే నాకే జీతం చాలా ఎక్కువ. మీ ఇంటి తోటమాలికి కూడా ఎక్కువే, ఆయన మా ల్యాబ్ టెక్నీషియను కదా. ఉన్నవాళ్ళం పెట్టాలి. చల్లారకముందే తినండి."

ముందుగా ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. కిందటేడు ఆమెను కూర్చోమన్న పెద్దమనుషులే పొట్ట పట్టుకుని నవ్వారు. వాళ్ళకు న్యాయం మీద ప్రేమ కలగలేదు. ఆ ఏడు డివిడెండు లేదు, పొట్లంలో స్వీటు లేదు.

"ఈవిణ్ణి బయటికి పంపండి" అన్నాడు చైర్మన్. పంపాల్సింది పట్టాభిరామయ్య. ఆయన జీవితంలో మొదటిసారి చెప్పిన పని చెయ్యలేదు. కాగితాలు సర్దుతూ, "ఆవిడ వాటాదారండీ" అని గొణిగాడు. అచ్యుతరామయ్య గోంగూర గిన్నెను చేత్తో తోసేశాడు. అది తెల్ల పంచె మీద ఒలికింది. ఆయన లేచి వెళ్ళిపోతుంటే శేషారత్నం మిగిలిన గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంది.

మర్నాడు ఆమెకు సస్పెన్షన్ కాగితం వచ్చింది. చైర్మన్‌ను అవమానించినందుకు. దసరా సినిమాల ప్రింట్లు బయలుదేరాల్సిన రోజులవి. కాగితం సంగతి తెలిసిన ఉదయం ప్రింట్ల గదిలో లీలాకుమారి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె తర్వాత ఒక్కొక్కరూ తీసి పెట్టారు. మధ్యాహ్నానికి మందుల గదిలో ఓదెలు వాళ్ళు పని ఆపారు. ల్యాబ్ గేటు ముందు నిర్మాతల కార్లు బారులు తీరాయి. శాలువాలు కప్పినవాళ్ళే చైర్మన్‌ను నోటికొచ్చినట్టు తిట్టారు.

మూడో రోజున ఆయన శేషారత్నాన్నీ ఓదెలునీ పిలిపించాడు. తొలిసారి వాళ్ళు ఆ గదిలో కుర్చీల్లో కూర్చున్నారు.

"సస్పెన్షన్ తీసేస్తాను. ప్రింట్ల గదికి పంపిస్తాను. జీతాలు మీరడిగినంతా పెంచుతాను" అన్నాడు. "ఇంకేం కావాలి?"

"ఆ లైను" అంది శేషారత్నం. "మీ జీతం పక్కన మా జీతం. మీ ఇల్లూ కార్లూ కలిపి."

అచ్యుతరామయ్య ముఖం మాడిపోయింది. "డబ్బిస్తానంటున్నా కదమ్మా. అది మాత్రం అడక్కు. ఆ లైను అచ్చేస్తే నేను క్లబ్బులో ఎవరి మొహం చూడాలి?"

అంత నిజం ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. డబ్బు పోయినా సరే, కనపడకూడదన్నమాట. ఆమె పట్టు వదలాలనుకోలేదు. కానీ బయటికి వచ్చాక ఓదెలు గేటు దగ్గర ఆగాడు.

"అక్కా, నువ్వు చెప్పేది నిజమే. కానీ పోరలకు ఫీజులు కట్టాలె. లైనుతోని బియ్యం రావు. పైసలు తీసుకుందం."

ఆమె గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ ముఖాలు చూసింది. ఎవరూ ఆమెను బలవంతం చెయ్యలేదు, ఎవరూ ఆమె కళ్ళలోకి చూడనూ లేదు.

"సరే, తీసుకుందాం" అంది.

దసరా ప్రింట్లు వెళ్ళాయి. జీతాలు పెరిగాయి. అలా పెరగడం ల్యాబ్ చరిత్రలో అదే మొదలు. మరుసటి ఏడాది వాటాదారుల కోరిక మేరకు అంటూ అచ్యుతరామయ్య మళ్ళీ పూర్తి జీతం తీసుకోవడం మొదలుపెట్టాడు. ఇంటి అద్దె మాత్రం ఆగలేదు.

శేషారత్నం పదవీ విరమణ చేసేదాకా ప్రింట్ల గదిలోనే పనిచేసింది. షేర్ల ధర పడిపోయి ఓదెలు తనవి అమ్ముకున్నాడు. ఆమె అమ్మలేదు. ఏటా సమావేశానికి వెళ్ళి అదే లైను అడిగేది. అచ్యుతరామయ్యకు పక్షవాతం వచ్చాక ఆ కుర్చీలో అల్లుడు కూర్చున్నాడు. తొంభైల చివర్లో ఒక సమావేశంలో ఆమె లేవబోతుంటే అల్లుడు చెయ్యెత్తి ఆపి, "మీ ప్రశ్న మాకు తెలుసు మేడమ్, పరిశీలిస్తున్నాం" అన్నాడు.

"తెలిస్తే చదవండి బాబూ. నేను అడిగిన మాటే మీరు గట్టిగా ఒక్కసారి చదివి వినిపించండి" అంది.

అతను గొంతు సవరించుకుని తరువాతి అంశానికి వెళ్ళాడు. ఆమె నిలబడే ఉంది. సమావేశం అయిపోయేదాకా కూర్చోలేదు. ఎవరూ ఆమెను కూర్చోమని కూడా అనలేదు.